మామ కన్ను, అల్లుడి జాకీ

ఆ శనివారం పొద్దున రాఘవేంద్ర వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. హిందూపురంలో కాఫీ తాగి భార్యతో కారులో బయల్దేరాలి. ధర్మవరంలో మామగారు బాలప్పను ఎక్కించుకోవాలి. మధ్యాహ్నంలోగా తిరిగొచ్చి ఆయన్ను హిందూపురం కంటి ఆస్పత్రిలో చేర్చాలి. ఇందులో తలకిందులు కావడానికి ఏముందని ఎవరైనా అంటారు. రాఘవేంద్ర కూడా అదే అన్నాడు.

బాలప్ప పట్టుచీరలు నేస్తాడు. నేతలో ఆ వీధికంతా ఆయన మాటే మాట. అలాంటి మనిషికి రెండు కళ్ళలోనూ పొర కమ్ముకొచ్చింది. పోగు తెగితే కనబడదు, ముడి వేద్దామంటే కొస దొరకదు. ఆయన భోజనానికి లేచినప్పుడల్లా భార్య గంగాదేవి చప్పుడు కాకుండా మగ్గంలో కూర్చుని, తప్పిన పోగులు సరిచేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి మజ్జిగ పోసేది. ఈ సంగతి ఆయనకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. కళ్ళ మాట ఎత్తితే చాలు, "నా కండ్లకేమొచ్చె? బల్బు సరింగా లేదు" అనేవాడు. గంగాదేవి బల్బు మీద బల్బు మార్చింది. గదిలోకి అడుగుపెట్టినవాళ్ళకు కళ్ళు జిగేల్మంటున్నా ఆయనకు మాత్రం వెలుతురు చాలేది కాదు.

పొర ముదిరిపోతోందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేననీ హిందూపురం డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఇచ్చిన మొదటి తారీకుకు ఆషాఢం అడ్డొచ్చింది. రెండో తారీకుకు పెళ్ళిళ్ళ చీరలు అడ్డొచ్చాయి. ఇక అడ్డు రావడానికి ఏమీ మిగల్లేదనుకుంటుండగా బాలప్ప ఒక ప్రశ్న వేశాడు.

"అల్లుని కార్లో జాకీ ఉండాదా?"

లేదు. అది పాత కారు. అమ్మినవాడు పాటలు వినే డబ్బాతోపాటు జాకీ కూడా ఊడబెరుక్కుని పోయాడు. బాలప్పకు అంతే కావాలి. ఎప్పుడో పెళ్ళికి పోతూ బుక్కపట్నం చెరువు కట్ట మీద కారు టైరు పేలి, జాకీ లేక, తాళి కట్టే వేళకు పెళ్ళికొడుకు మేనమామ చేపలు పట్టేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ గాలం చూస్తూ ఉండిపోయాడట. ఆ మేనమామ బాలప్పే.

"జాకీ ల్యాకుండా, టైరు మార్చడం రాకుండా బండి తోలేటోని పక్కన నేను కూచోను. తేల్చి చెప్తాండా," అన్నాడు. బస్సులో పోదామంటే బస్సు పడదన్నాడు. రైలంటే స్టేషన్ మెట్లు ఎక్కలేనన్నాడు.

ఇంకొకరైతే ఆ సాయంత్రమే అంగడికి పోయి ఏదో ఒక జాకీ కొనుక్కొచ్చేవాళ్ళు. రాఘవేంద్ర అలాంటి మనిషి కాదు. అతను ఒక ప్రైవేటు కాలేజీలో సీనియర్ క్లర్కు. చీపురు కొనాలన్నా అంగడి ముందు నాలుగు చీపుళ్ళు ఊడ్చి చూసి, నాలుగూ అక్కడే పెట్టి, రేపొస్తానని చెప్పి వచ్చే రకం. జాకీల సంగతి తెలుసుకుందామని ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఆ వీడియో ఇంకో వీడియోను పిలిచింది. వాళ్ళిద్దరూ కలిసి చుట్టాలందరినీ పిలిచారు. చూస్తుండగానే శ్రావణం పోయింది, వినాయకుడు కూడా నీళ్ళలో మునిగి వెళ్ళిపోయాడు.

జాకీల్లో ఇన్ని జాతులున్నాయని అతనికి అంతవరకూ తెలియదు. కత్తెరలా విచ్చుకుంటూ లేచే స్క్రూ జాకీ డిక్కీలో ఓ మూల ఒదిగి ఉంటుంది, కానీ తిప్పలేక చేతులు పడిపోతాయి. సీసాలా పొట్టిగా బలిసి ఉండే బాటిల్ జాకీ లారీనైనా లేపుతుంది, కానీ గాలిపోయి కుంగిన చిన్న కారు కిందికి దూరదు. చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ మహారాజులా పనిచేస్తుంది, కానీ దాన్ని డిక్కీలో పెడితే ఇక మామగారి సంచి పట్టదు. కారు పొగగొట్టానికి తగిలిస్తే ఆ పొగతోనే ఉబ్బి కారును పైకెత్తే సంచి కూడా ఒకటుందట. అది చూసిన రోజు రాఘవేంద్ర అన్నం సరిగా తినలేదు.

"బాటిల్ జాకీ తీసుకో సార్," అని కాలేజీలో పక్క సీటు గంగప్ప సలహా ఇచ్చాడు. "మా తమ్ముడు దాంతో గుడిసెనే లేపినాడు."

"గుడిసె ఎందుకు లేపినాడప్పా?"

"కిందికి పాము దూరిందని."

అంగడివాడేమో కారు బరువెంతో చెప్పమన్నాడు. రాఘవేంద్ర కారును చింతపండు లారీల వెనక వరసలో నిలబెట్టి కాటా మీదికి ఎక్కించాడు. తూకం వచ్చాక, అందులో తన బరువు కూడా కలిసిందని గుర్తొచ్చి, కిందికి దిగి మళ్ళీ తూచమన్నాడు. వెనక లారీల హారన్లు హిందూపురమంతా వినిపించాయి. ఇంత చేసి కూడా జాకీ కొనలేదు.

చివరకు శుక్రవారం సాయంత్రం భార్య సాయిసుధ అతని చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది.

"ఏమండీ, రేపు డాక్టరమ్మ ఇచ్చిన కడపటి తారీకు. పోకపోతే ఇంక పేరు తీసేస్తాదంట. మీ జాకీ లేచేలోపు మా నాయనకు చూపు పోతాది. కొంటారా, నన్నే కారెత్తమంటారా?" అంది. మాట పరిహాసంగానే మొదలైంది కానీ చివరికొచ్చేసరికి ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. రాఘవేంద్రకు సిగ్గేసింది. చెప్పులేసుకుని పోయి, మడిచి పెట్టుకునే స్క్రూ జాకీ ఒకటి కొనుక్కొచ్చాడు. దారి పొడుగునా ట్రాలీ జాకీయే నయమేమో అనుకుంటూనే వచ్చాడు.

జాకీ ఒకటే ఉంటే చాలదు, టైరు మార్చడం కూడా రావాలన్నది మామగారి షరతు. ఆయన ఎదుట తడబడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి దారిలో ఒకసారి టైరు విప్పి బిగించి చూసుకుందామని రాఘవేంద్ర అన్నాడు.

"ఆ పని ఇంటి ముందరే చేసుండచ్చు గదా?" అంది సాయిసుధ.

"ఇంటి ముందర సిమెంటు రోడ్డు సుధా. పంక్చరు మనకు అనువైన చోట అయితాదా? మట్టిలో, గులకరాళ్ళలో ప్రాక్టీసు కావల్ల."

సోమందేపల్లి దాటి, పెనుకొండ కొండ కనబడుతుండగా, టీ అంగడికి ఎదురుగా రోడ్డు పక్కన మట్టిలో కారు ఆపాడు. జాకీ బయటికి తీయగానే సాయిసుధ అడ్డం వచ్చింది.

"కొత్త ఇనుము. దిష్టి తీయకుండా ముట్టుకోవద్దు."

వెనక సీట్లో బూడిద గుమ్మడికాయ ఎప్పుడు ఎక్కి కూర్చుందో రాఘవేంద్రకు తెలియదు. సాయిసుధ జాకీకి పసుపు పూసి బొట్టు పెట్టింది. కాయకు పైన చిల్లు చేసి దాని నిండా కుంకుమ నీళ్ళు పోసింది. కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, ముందు చక్రం పక్కన బలంగా కొట్టింది. దిష్టి బాగానే తగిలి ఉన్నట్టుంది, కాయ ముక్కలు ముక్కలై ఎర్రటి నీళ్ళు తెల్లకారు తలుపు పైదాకా చిమ్మాయి. మట్టి మీద ఎర్రగా మడుగు కట్టింది.

జాకీని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, చక్రం వెనక కారు అడుగు అంచుకు చిన్న గాటు ఉంటుంది, దాని కిందే పెట్టాలి. ఇది రాఘవేంద్ర వీడియోల్లో నేర్చుకున్నదే. వంగి చూస్తే ఆ గాటు కనబడలేదు. మడుగు పక్కనే చొక్కా మాయకుండా పాత కాగితం పరుచుకుని, వెల్లకిలా పడుకుని, తల కారు కిందికి దూర్చాడు. రెండు కాళ్ళు మాత్రం బయట మిగిలాయి. మనిషి కదలకుండా గాటు కోసం చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ధర్మవరం బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది. ఆ దుమ్ముకు సాయిసుధ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది. బస్సులో కిటికీ పక్కన కుళ్ళాయమ్మ కూర్చుని ఉంది. ఈమె ధర్మవరంలో గంగాదేవి ఎదురింటావిడ, కూతుర్ని చూసి తిరిగిపోతోంది. ఆమెకు కనిపించింది ఇదీ: బాలప్ప అల్లుడి తెల్లకారు, దాని మీదా కిందా రక్తం, కారు కింద కదలని రెండు కాళ్ళు, పక్కనే నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తున్న సాయిసుధ. బస్సు ఆపమని కుళ్ళాయమ్మ గోల పెట్టింది. ఇక్కడ స్టాపు లేదన్నాడు కండక్టరు. ఆమె ఫోన్ తీసింది.

బస్సు దుమ్ము ఇంకా అణగకముందే సాయిసుధ ఫోన్ మోగింది.

"సుధమ్మా, యాడుండావు తల్లీ?" అంది గంగాదేవి.

"పెనుకొండ కాడుండామమ్మా," అంది సాయిసుధ. దుమ్ముకు గొంతు పూడుకుపోయి సగం మాట దగ్గులో కలిసిపోయింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదమ్మా. నువ్వేం గాబరా పడాకు."

"అల్లునికి ఫోనియ్యి."

"ఆయన కారు కింద ఉండాడు. ఇప్పుడు లేచేటట్టు లేదు." భర్త చేస్తున్న ప్రాక్టీసు ముందే బయటపడితే తండ్రి ఇంకేం వంక పెడతాడోనని ఆమెకు భయం. అందుకే చివర్లో గొంతు తగ్గించి, "నాయనకు మాత్రం చెప్పాకు," అంది.

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చిక్కల్లా అదే. మన వైపు చావు కబురును చావు కబురులా ఎవరూ చెప్పరు. కొంచెం జ్వరమంటే బయల్దేరమని అర్థం. సీరియస్ అంటే ఏడుస్తూ బయల్దేరమని. ఏమీ కాలేదు, గాబరా పడొద్దు అన్నారంటే ఇక అక్కడ ఏమీ మిగల్లేదని. బాలప్ప అన్న పోయినప్పుడు కూడా "ఏమీ కాలేదు, అన్నం తిని నిదానంగా రాండి" అనే చెప్పారు. అలాంటిది ఏమీ కాలేదు, గాబరా పడాకు, లేచేటట్టు లేదు, నాయనకు చెప్పాకు అని వరసగా వింటే గంగాదేవి అయినా ఏం చేస్తుంది? ఫోన్ గూట్లో పెట్టి గోడకు జారగిలబడింది.

ఇక్కడ రాఘవేంద్రకు గాటు దొరికింది. సంతోషంగా లేచి, జాకీ పెట్టి, తిప్పి తిప్పి చక్రం నేలమీంచి లేపాడు. తర్వాత నట్టు విప్పబోతే నట్టుతోపాటు చక్రమూ గిర్రున తిరిగింది. నట్లు కారు లేపకముందే వదులు చేసుకోవాలని ప్రతి వీడియోలోనూ చెప్పారు. అతను జాకీలు చూడడంలో పడి అది వినలేదు.

టమోటాల మినీలారీ ఒకటి వచ్చి పక్కన ఆగింది. దాన్ని నడిపే సాల్మన్‌ది సోమందేపల్లి. ఎవరి బండి ఆగిపోయినా దిగి చెయ్యి పెట్టకపోతే అతనికి నిద్ర పట్టదు.

"ఏమన్నా, టైరు పోయిందా?"

"లేదప్పా, బాగానే ఉండాది."

"మరెందుకు విప్పుతాండావు?"

"నేర్చుకుంటాండా."

"బాగుండే టైరు విప్పేటోన్ని ఇదే చూడడం," అని సాల్మన్ దిగాడు. పసుపు కుంకాలతో ఉన్న జాకీని చూసి పెదవి విరిచాడు. "ఈ బొమ్మ జాకీ ఏం లేపుతాదన్నా? నా బండిలో బాటిల్ జాకీ ఉండాది. తెస్తా నిలబడు."

వద్దంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఇన్నాళ్ళూ ఫోన్లోనే చూసిన బాటిల్ జాకీ కళ్ళ ముందు పనిచేస్తుందంటే రాఘవేంద్ర మనసు ఆగలేదు. కారు దించి, నట్లు వదులు చేసి, స్క్రూ జాకీతో కొంచెం లేపారు. ఆ సందులో బాటిల్ జాకీ దూర్చారు. సాల్మన్ దాని పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు. కారు పైకి లేస్తుంటే రాఘవేంద్ర చిన్నపిల్లాడిలా చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకు సాల్మన్‌కు ఇంకా హుషారొచ్చి జాకీని చివరంటా లేపేశాడు. చక్రం ఊడదీశారు, స్క్రూ జాకీని అవతల పెట్టారు, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

దించుదామంటే బాటిల్ జాకీ దిగలేదు. దాన్ని దించే వాల్వు బిగుసుకుపోయింది. అదీగాక లోపలి వైపుకు తిరిగి ఉంది. కారు ఇప్పుడు ఎంత ఎత్తులో ఉందంటే స్క్రూ జాకీని మళ్ళీ పెట్టినా అందదు. ఒక కాలు ఎత్తుకుని నిలబడ్డ మేకలా కారు అలాగే ఉండిపోయింది. జాకీ జారితే కారు నేలను కొట్టుకోకుండా రాఘవేంద్ర స్టెప్నీని దాని కిందికి తోశాడు. అన్ని వీడియోల్లో అక్కరకొచ్చిన జాగ్రత్త అదొక్కటే.

"ఆస్పత్రికి టైమైతాంది," అంది సాయిసుధ. ఆమె మొహంలో ఇప్పుడు పరిహాసం లేదు.

అప్పుడే రాఘవేంద్ర జేబులో ఫోన్ ఆగకుండా గుయ్యిమనడం మొదలుపెట్టింది. కాలేజీ వాట్సాప్ గ్రూపు. గంగప్ప భార్య పుట్టిల్లు ధర్మవరంలో బాలప్ప వీధిలోనే. "మన రాఘవేంద్ర సార్ ఇక లేరు. పెనుకొండ దగ్గర కారు కింద పడి..." అని గంగప్ప పెట్టాడు. దాని కింద దండాలూ దీపాలూ బారులు తీరాయి. "నిన్న కూడా నాతో నవ్వుతూ మాట్లాడారు," అని ఒక లెక్చరర్ రాశాడు. పరీక్షల డ్యూటీ దగ్గర తగవైన నాటి నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. "కాలేజీకి తీరని లోటు. బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో వెంటనే తెలుపగలరు," అని ప్రిన్సిపాల్ రాశారు.

రాఘవేంద్ర "నేను బాగానే ఉన్నాను" అని పెట్టాడు.

"మేడం గారూ, ధైర్యంగా ఉండండి," అని వెంటనే గంగప్ప జవాబు. "సార్ ఫోన్ నుంచి మేడం మెసేజ్ పెడుతున్నారు. పాపం, మతి స్థిమితంలో లేరు," అని ఇంకొకరు. గంగప్పకు ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. చనిపోయినవాడి నంబరు ఎత్తడానికి ఎవరికైనా గుండె ధైర్యం కావాలి.

"ధర్మవరంలో తెలిసిపోయిండాది!" అని సాయిసుధ తల్లికి ఫోన్ చేసింది. అది గూట్లో మోగి మోగి ఆగిపోయింది. బాలప్పకు అంకెలు కనబడవు కాబట్టి ఆయన ఫోన్ పెట్టుకోడు. "మా నాయన గుండె ఆగిపోతాదండీ!" అంటూ ఆమె ఈసారి నిజంగానే కొంగు నోట్లో పెట్టుకుంది.

ధర్మవరంలో జరిగింది తర్వాత తెలిసింది. గంగాదేవి నోరు తెరవలేదు. కానీ కుళ్ళాయమ్మ ఫోన్ చేసింది ఒక్క ఇంటికే కాదు. వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. చివరకు తన మగ్గం ఒక్కటే ఆడుతోందని బాలప్పకు అర్థమై, లేచి అరుగు మీదికొచ్చాడు.

"ఎవరు పోయినారు?" అని అడిగాడు.

"ఏమీ కాలేదు బాలప్పా," అని వీధి మొత్తం ఒక్క గొంతుతో అంది. దాంతో ఆయనకు పోయింది తన మనిషేనని తెలిసిపోయింది. నిలదీస్తే, అల్లుడని ఎవరో నోరు జారారు.

వీధి చివర షామియానాల టెంపో ఒకటి ఉంది. అందరికంటే ముందు బాలప్పే దాంట్లోకి ఎక్కాడు. జాకీ ఉందా అని అడగలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. గుంజల మీద కూర్చుని, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని, "బిరీన పోనీయప్పా, బిరీన," అంటూనే ఉన్నాడు. టెంపోలో కుర్చీలూ షామియానాలూ దించుదామా అని ఎవరో అడిగితే, "ఉండనీలే, ఆడ ఎట్లాగూ కావల్ల," అన్నాడు డ్రైవరు. పెనుకొండలో ఆగి ఒక దండ కూడా కొన్నారు.

ఇక్కడ సాల్మన్ పట్టు వదల్లేదు. "నా జాకీ నా మాట వినదా?" అని, మడుగు పక్కన వెల్లకిలా పడుకుని, వాల్వు కోసం చేతులు కారు కిందికి చాచాడు. నూనె రాస్తే వాల్వు కదులుతుందేమోనని రాఘవేంద్ర టీ అంగడికి పోయి నూనె అడుగుతున్నాడు. అక్కడి పెద్దావిడ బజ్జీల నూనె గిన్నెలో వంచి ఇస్తుండగా, షామియానా టెంపో వచ్చి కారు వెనక ఆగింది.

సాయిసుధ ఎదురు పరిగెత్తింది. కానీ బాలప్ప అప్పటికే దూకేశాడు. తడుముకుంటూ వచ్చి, కారు కింది నుంచి బయటికున్న రెండు కాళ్ళను కావలించుకుని కూలబడ్డాడు.

"అల్లుడా! పోతివా నాయనా! జాకీ లేదని ఊరికే సాకు చెప్తినప్పా! కండ్లు కోస్తారంటే నాకు భయం. ముసలోన్ని, భయమని ఎట్లా చెప్పుకునేది? నీ కారు మీద పెడ్తిని. నేనే నిన్ను చంపుకుంటి!"

"ఎవరన్నా అది? కాళ్ళు ఇడువు! గిలిగింతలైతాండాయి!" అని కారు కింద నుంచి సాల్మన్ అరిచాడు.

"మాట్లాడతాండాడు! పానం ఉండాది! నీళ్ళు తేండి!" అని బాలప్ప కేక పెట్టాడు. టెంపోలోంచి దిగినవాళ్ళు నీళ్ళ కోసం పరిగెత్తి, కనబడిన నీళ్ళన్నీ సాల్మన్ కాళ్ళ మీద పోశారు.

రాఘవేంద్ర నూనె గిన్నెతోనే పరిగెత్తుకొచ్చాడు. ఎండ మొహాన పడుతుండగా బాలప్ప ఎదురుగా వంగి, "మామా!" అన్నాడు.

బాలప్ప తల ఎత్తి అతని మొహంలోకి చూశాడు. చూసి, "నువ్వెవరో పక్కకు జరుగప్పా. మా అల్లునికి గాలి తగలనీ," అన్నాడు.

చెయ్యి చాస్తే అందేంత దగ్గరున్న తనను మామగారు గుర్తుపట్టలేదు. ఆయన చూపు ఇంతగా పోయిందని రాఘవేంద్ర ఎప్పుడూ అనుకోలేదు. తాను ఏ జాకీ నయమా అని చూస్తూ కూర్చున్న ఆ రోజులన్నీ అతనికి గుర్తొచ్చాయి. గిన్నె కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, బాలప్ప చెయ్యి తీసి తన మొహం మీద పెట్టుకున్నాడు.

"నేను మామా, రాఘవేంద్రను. నాకేమీ కాలేదు. ఈ మాట నిజంగా నిజం."

ఆ వేళ్ళు నుదురు తడిమాయి, ముక్కు తడిమాయి, మీసం దగ్గర ఆగాయి. కంటికి దొరకని పోగును వేళ్ళతో పట్టుకున్న చేతులవి, మనిషిని పట్టుకోవడం ఎంతసేపు? బాలప్ప పసివాడిలా ఏడ్చాడు.

"నాకు కనపడ్లా నాయనా. బల్బు గిల్బు ఏమీ కాదు. నాకే కనపడ్లా."

ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. టెంపోలో దారంతా కంటతడి పెట్టని గంగాదేవి అది విని భోరుమంది. సాయిసుధ తండ్రిని పట్టుకుని ఒక కంట ఏడ్చింది, ఒక కంట నవ్వింది. సాల్మన్ తడిసిన కాళ్ళతో కారు కింది నుంచి బయటికొచ్చి, ఏం జరిగిందో తెలియకపోయినా తానూ కళ్ళు తుడుచుకున్నాడు.

"పోదాం పా," అన్నాడు బాలప్ప లేచి నిలబడి. "కోస్తే కోయనీ. అల్లుడు బతికుండేది కండ్లారా చూసుకోవల్ల."

పోవడానికి కారు ఇంకా గాల్లోనే ఉంది. రాఘవేంద్ర బజ్జీల నూనె, వాల్వు, మరలు తిప్పే దిక్కు గురించి వివరించబోయాడు. ఎవరూ వినలేదు. ఏడవడానికని వచ్చిన జనం ఏడుపు అక్కరలేకుండా పోయేసరికి చేతులు ఊరికే ఉన్నాయి. చక్రం పెట్టి నట్లు బిగించారు. తర్వాత షామియానా గుంజలు మోసే మనుషులు, మగ్గాల మనుషులు అందరూ కలిసి కారు అంచు పట్టుకుని ఒక్క ఊపుతో లేపారు. సాల్మన్ తన జాకీని, రాఘవేంద్ర తన స్టెప్నీని బయటికి లాగారు. కారును చంటిబిడ్డలా కింద పెట్టారు. దాని బరువెంతో తెలిసిన మనిషి అక్కడ రాఘవేంద్ర ఒక్కడే. అతను ఆ సంగతి బయటికి అనలేదు.

కొన్న దండ పారెయ్యడమెందుకని సాల్మన్ మెడలో వేశారు. దానికి అతను చాలా సంతోషించి, పదిమందికీ టమోటాలు పంచాడు.

బాలప్ప ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంతదూరం వచ్చాక ఊరికే తిరిగిపోతే బాగుండదని టెంపో కూడా వెనకే వచ్చింది. కంటి ఆస్పత్రి గేటు దగ్గర మనిషి, దిగుతున్న జనాన్ని చూసి, "ఒక కంటికి ఇంతమందా?" అని నోరు తెరిచాడు. వరండాలో కుర్చీలు చాలకపోతే వచ్చినవాళ్ళు టెంపోలోని తమ కుర్చీలు తామే దించుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ లోపలి నుంచి వచ్చి చూసి, బాలప్పను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

మరునాడు పొద్దున ఆపరేషన్ అయిన కంటికి కట్టు విప్పారు. బాలప్ప మొదట గంగాదేవి వైపు చాలాసేపు చూశాడు. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. తర్వాత కూతుర్ని చూశాడు, గోడ మీది గడియారం చూసి టైమెంతో పైకి చదివాడు. చిట్టచివర రాఘవేంద్ర మీద ఆయన చూపు ఆగింది. కిందికీ పైకీ పరీక్షగా చూశాడు.

"ఏమల్లుడా, పెండ్లినాడు నీకు జుట్టుండె గదా?" అన్నాడు.

రాఘవేంద్రకు ఆ మాటే ఎంతో బాగుంది. మామగారికి తన నెత్తి కనబడుతోందన్న సంతోషంలో వంగి ఇంకా దగ్గరగా చూపించాడు.

రెండో కంటి ఆపరేషన్‌కు బాలప్ప ఎవరూ చావకుండానే బయల్దేరాడు.